తాత ముట్టని ఎలుక

వీదా ఊళ్ళో కొండచిలువని అందరూ తాతా అనే పిలుస్తారు. హువెసూ పెంచుకునే తాత నెలరోజులుగా తిండి ముట్టడం లేదు. చంపి తెచ్చిన ఎలుకని వేడినీళ్ళలో వెచ్చబెట్టి, తోక పట్టుకుని ముక్కు ముందు ఆడించినా తల తిప్పేసుకుంటున్నాడు. ఒళ్ళు మాత్రం నిగనిగలాడుతోంది. అసలే ఎవరినీ నమ్మని హువెసూకి పక్కింటి అఫియావి మీద అనుమానం పుట్టింది. మొక్కజొన్న గాదెలో ఎలుకలున్నాయని రోజూ గోలపెట్టే మనిషి ఈమధ్య నోరే మెదపడం లేదు మరి!

"మా తాత మీ ఇంటికొస్తున్నాడా వదినా?" అని నిలదీశాడు.

"నీ తాత మొహం చూసి ఏడాదైంది, ఒట్టు!" అని కస్సుమంది అఫియావి. "అయినా చచ్చిన ఎలుక పెడితే తింటాడటయ్యా? గాదెలో పరిగెత్తేదాన్ని పట్టుకుంటేనే కదా ఆయనకి తిన్నట్టు!"