బొమ్మ తుపాకుల అత్తగారు

ఆ వీధిలో అందరూ ఆవిడని అత్తగారు అనే పిలిచేవారు. అసలు పేరేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కొట్టు బోర్డు మీద ఏదో పెద్ద పేరే రాసి ఉండేది కానీ, ఆటగాళ్ళ నోట్లో అది అత్తగారి కొట్టే. అక్కడ అమ్మేవి ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు. అంటే చూడ్డానికి అచ్చం నిజం తుపాకీలా ఉండి, గాలి ఒత్తిడితో మిరియపు గింజ కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ గుండు వదిలే ఆట వస్తువులు. వస్తువుకి డబ్బు పుచ్చుకునేది, తిట్లు మాత్రం ఉచితం. ఆ తిట్లు తినకుండా ఆ కొట్లోంచి తుపాకీ పట్టుకుని బయటపడ్డవాడు లేడు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడూ ఆవిడ సొంత అల్లుడు.

ఆవిడకి తుపాకులంటే ఒళ్ళుమంట. కొనేవాళ్ళంటే ఇంకా మంట. కొట్టు పెట్టింది భర్త. సెలవు రోజున ఊరి బయట మైదానంలో బురదలో పొర్లాడి, ఒంటినిండా గుండ్లు తగిలిన ఎర్రటి మచ్చలతో, పసిపిల్లాడిలా నవ్వుకుంటూ ఇంటికొచ్చే మనిషి. ఆయన గుండె ఆగి పోయాక కొట్టు అమ్మేద్దామంటే కొనే నాథుడు దొరకలేదు. కూతురి చదువు సగంలో ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆయన్ని జీవితమంతా సాధించిన మనిషే, చివరికి ఆ అడుసులోకి తనే దిగింది. దిగినందుకు లోకం మీద కక్ష పెంచుకుంది.

ఆ ఊళ్ళో ఇలాంటి కొట్టు నడపాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ అనుమతిలో ఒక షరతుంది. కొనేవాడు మేజరో కాదో చూసి, అతన్ని ఎదురుగా నిలబెట్టి నియమాలన్నీ నోటితో చెప్పి, అప్పుడే వస్తువు చేతికివ్వాలి. మిగతా కొట్లవాళ్ళు ఆ నియమాల్ని గోడకి అంటించి చేతులు దులుపుకునేవారు. అత్తగారు మాత్రం షరతుని అక్షరాలా పాటించేది. కాకపోతే చెప్పడం ఆవిడకి రాదు, తిట్టడమే వచ్చు.

పద్దెనిమిది నిండినట్టు కాగితం చూపించనివాణ్ణి గడప ఎక్కనిచ్చేది కాదు. గడ్డం నిమురుకుని చూపిస్తే, గడ్డం మేకకీ ఉంటుందనేది. గొట్టం చివర నారింజ రంగు మూతి అందం కోసం కాదని, బొమ్మని తెలియడానికి పెట్టారని, అది గీకినా, దాని మీద రంగు పూసినా నేరమని, అలా చేసినవాడు మళ్ళీ తన కొట్టు వైపు రాకూడదని గద్దించేది. తుపాకీ ఒక సంచిలో, గుండ్ల మ్యాగజైన్ ఇంకో సంచిలో పెట్టుకుని పోవాలి. కారు సీటు మీద కనబడేలా పడెయ్యకూడదు. మైదానంలో తప్ప డాబా మీద, బాల్కనీలో, కాకుల మీద ప్రతాపం చూపించకూడదు. మ్యాగజైన్ ఊడదీసినంత మాత్రాన తుపాకీ ఖాళీ అయిందనుకునే తెలివితక్కువ దద్దమ్మలకి, లోపల ఇంకో గుండు మిగిలి ఉంటుందని, దాన్ని ఇసుకలోకి కాల్చి పారేసేదాకా ఆట అయిపోనట్టేనని, చేత్తో చేసి మరీ చూపించేది.

ఒకసారి ఒకడు కంటి రక్షణకి తన నల్లకళ్ళద్దాలు చాలవా అన్నాడు. ఖరీదైనవట. ఆవిడ అతని ముక్కు మీంచే వాటిని లాగి, కొట్టు వెనక ఇసుకపెట్టెలో నిలబెట్టి, ఒక్క గుండు కాల్చింది. అద్దం పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఖాళీ ఫ్రేము తెచ్చి అతని చేతిలో పెట్టి, ఇదిగో నీ కన్ను, జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్ళు అంది. అతను ఆటకి పనికొచ్చే అద్దాలు కొనుక్కుని వెళ్ళాడు.

పాతవి అమ్ముకుంటామని వచ్చేవాళ్ళకీ ఇదే మర్యాద. ఫోన్లో ఫొటో పెట్టి ముక్కూ మొహం తెలియనివాడికి పంపించే ఘనులంటే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది. మనిషిని చూసి, వయసు చూసి, స్వయంగా చేతికివ్వాలి. రేపు వాడు దాంతో ఎవణ్ణయినా బెదిరిస్తే పోలీసులు ముందు తట్టేది నీ తలుపే అని హెచ్చరించేది. ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పేది పోలీసు ఎదురుపడ్డప్పటి సంగతి. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో వెటకారం ఉండేది కాదు.

“బొమ్మేనండీ అని ఎత్తి చూపించకు. బొమ్మని నీకు తెలుసు, ఆయనకి తెలీదు. చూపించడానికి ఎత్తావో కాల్చడానికి ఎత్తావో ఆయన ఆగి ఆలోచించడు. వదిలెయ్. చెయ్యి తెరువు. అంతే.”

ఇన్నేళ్ళలో ఆవిడకి మనుషుల్ని చూడగానే పసిగట్టడం అలవాటైపోయింది. ఆడుకునేవాడు గుండు ఎంత దూరం పోతుంది, బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అని ప్రాణం తీస్తాడు. బెదిరించేవాడికి ఇవేవీ అక్కర్లేదు. నిజందానిలా ఉందా లేదా అన్నదొక్కటే కావాలి. అలాంటివాణ్ణి ఆవిడ వీధి చివరిదాకా తిడుతూ సాగనంపేది.

అంతటి నోరూ అల్లుడి ముందు మూతపడింది. దానికీ కారణముంది. కూతురి పెళ్ళి మాటలప్పుడు పిల్లవాడి వైపువాళ్ళు వాకబు చేస్తే, పిల్ల బంగారం, తల్లి నోరే భయం అని వీధి వీధంతా ముక్తకంఠంతో చెప్పిందట. సంబంధం ఇంచుమించు తప్పిపోయింది. కూతురు ఆ రాత్రి అన్నం మానేసి, అతనంటే తనకి ఇష్టమని, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నీకెప్పుడు తెలుస్తుందని తల్లిని నిలదీసింది. అతన్ని ఒక్క పరుషమైన మాట అననని చేతిలో చెయ్యి వేయించుకుంది. అత్తగారు ఆ ఒట్టు నిలబెట్టుకుంది. అల్లుడు ఇంటికొస్తే ఆవిడ నోటంట వచ్చేవి రెండే మాటలు, కూర్చోండి అనీ, తినండి అనీ. మిగతా సమయమంతా బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది.

మనిషిగా అల్లుడు చెడ్డవాడేం కాదు. టైల్స్ షాపులో అమ్మకాలు చూస్తాడు. రోజంతా వచ్చినవాళ్ళకి వంగి వంగి నమస్కారాలు పెట్టి, ఇంటికొచ్చాక ఆ వంగిన నడుముని నిటారుగా చేసుకోవడానికి ఎవడో ఒకడితో తగువు పెట్టుకుంటాడు. ఒట్టి మేకపోతు గాంభీర్యం. ఒకరోజు భార్యని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చి, ఒక పిస్తోలు తీసి, చొక్కా ఎత్తి నడుం దగ్గర దోపుకుని, అద్దంలో చూసుకున్నాడు. నిజందానిలా ఉంది కదా అత్తయ్యగారూ అని అడిగాడు.

అతను దూరం అడగలేదు, బరువు అడగలేదు. ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఇంతలో కూతురు కౌంటరు కింద నుంచి తల్లి చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడులో ఒట్టూ ఉంది, బతిమాలుకోవడమూ ఉంది. అత్తగారు పిస్తోలుని డబ్బాలో పెట్టి, తీసుకెళ్ళండి అంది. నియమం ఒక్కటి కూడా చెప్పలేదు. డబ్బిస్తానంటే వద్దంది కూడా. అల్లుడికి ఇచ్చింది అమ్మకం కిందికి రాదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆ పిస్తోలు మైదానం మొహం చూడలేదు. అల్లుడు నారింజ మూతికి నల్లరంగు పూసి బీరువాలో దాచుకున్నాడు. వాళ్ళ భవనంలో మూడో అంతస్తు పళ్ళ డాక్టరుకీ అతనికీ కింద పార్కింగులో స్తంభం పక్క చోటు గురించి ఎప్పటినుంచో పోరు. డాక్టరు కారు గీత దాటి అల్లుడి చోటులోకి జానెడు జరుగుతుంది. ఆ జానెడు నేల కోసం ఇద్దరూ చెయ్యని యుద్ధం లేదు, టైర్లలో గాలి తియ్యడాలూ, చీటీలు అంటించడాలూ. ఒక మధ్యాహ్నం అల్లుడు పిస్తోలు దోపుకుని కిందికి దిగాడు. మాట మీద మాట పెరగ్గానే చొక్కా అంచు ఎత్తి నడుం దగ్గరున్నది చూపించాడు. డాక్టరు పైకి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని, పోలీసులకి ఫోన్ చేశాడు. గెలిచాననుకున్న అల్లుడు తన కారు ఆ చోటులో పెట్టుకుని, అందులోనే కూర్చుని కాపలా కాశాడు.

అత్తగారు కొట్లో ఎవణ్ణో ఉతికి ఆరేస్తుండగా కూతురు ఫోన్ చేసింది. ఏడుపులో మాట తెలియడం లేదు. పోలీసులు గేటు దగ్గర తుపాకులు పట్టుకుని నిలబడ్డారట. ఆయన కారులోనే ఉన్నారట. బయటికి రమ్మని అరుస్తున్నారట. కంగారుపడకు, ఇది బొమ్మేనని వాళ్ళకి చూపించేస్తాను, అంతటితో అయిపోతుంది అని ఫోన్లో భార్యకి ధైర్యం చెప్పాడట. ఆ చివరి మాట విన్నాక అత్తగారు ఇంకేమీ వినలేదు. కొట్టు తెరిచింది తెరిచినట్టే వదిలేసి, పక్క వీధిలోని ఆ భవనానికి పరిగెత్తింది. ఎన్నడూ పరిగెత్తని మనిషి. చెప్పు ఒకటి దారిలోనే ఊడిపోయింది.

గేటు దగ్గర ఒక కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎదురుగా కారు. డ్రైవరు వైపు తలుపు తెరుచుకుంటోంది. మొదటి అంతస్తు బాల్కనీలో కూతురు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు స్తంభం చాటున రెండు చేతులతో తుపాకీ చాచి పట్టుకున్నాడు. అల్లుడు ఒక కాలు బయట పెట్టాడు. కుడి చేతిలో ఆ నల్లటి వస్తువు. పెదాల మీద, టైల్స్ షాపుకొచ్చిన కొనుగోలుదారుకి చూపించే నవ్వు. బొమ్మ సార్ అంటూ చెయ్యి పైకి లేపబోతున్నాడు.

“ఒరేయ్.”

వీధంతా ప్రతిధ్వనించింది. బాల్కనీలన్నిట్లోంచి తలకాయలు బయటికొచ్చాయి.

“ఒరేయ్ వెధవా, చూపించకు. వదిలెయ్యి దాన్ని. చెయ్యి తెరువు. తెరవరా.”

అంతవరకూ పోలీసులు అరిచిన ఏ అరుపూ అతని తలకెక్కలేదు. ఇది ఎక్కింది. కూర్చోండి, తినండి తప్ప ఎరగని గొంతు ఒరేయ్ అనేసరికి అతని చెయ్యి దానంతటదే తెరుచుకుంది. పిస్తోలు సిమెంటు మీద పడి, ప్లాస్టిక్ డబ్బా పడ్డట్టు డొల్లగా చప్పుడు చేసింది. నేల మీద బోర్లా పడుకోమని ఆవిడే చెప్పింది, అతను పడుకున్నాడు. పోలీసులు వెళ్ళి మీద పడ్డారు. తర్వాత ఇన్‌స్పెక్టరు మెట్టు మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. ఆ చెయ్యి ఇంకొక్క బెత్తెడు లేచి ఉంటే కాల్చేసేవాణ్ణమ్మా అని చెప్పాడు.

ఇది ఎవరు అమ్మారని ఆయన అడిగితే, నేనే అంది. నియమాలు చెప్పారా అని అడిగాడు. చెప్పానంటే నమ్మడానికి ఊరంతా సిద్ధంగా ఉంది, ఆవిడ నోటికి అంత పేరుంది. అలా అంటే తప్పంతా అల్లుడి నెత్తిన పడుతుంది, కొట్టు మిగులుతుంది. ఆవిడ చెప్పలేదంది. ఎందుకు చెప్పలేదంటే, అల్లుడండీ అంది. అల్లుడైతే ఏమిటి అని అడిగాడాయన, నిజంగానే అర్థంకాక.

అల్లుడి మీద కేసు పెట్టి, జామీను మీద వదిలారు. కొట్టు అనుమతి రద్దయింది. షట్టరుకి సీలు పడింది. అత్తగారికి దాని గురించి పెద్ద బెంగలేదు, పీడ వదిలిందని పైకే అనేసింది. కానీ కూతురు రావడం మానేసింది. చాలా రోజులకి ఒకసారి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

“ప్రాణం నిలబెట్టావమ్మా, కాదనను. కానీ అందరూ చూస్తుండగా ఒరేయ్ అన్నావు, వెధవ అన్నావు. ఆయన పార్కింగులోకి దిగలేకపోతున్నారు. డాక్టరు ఎదురైతే నవ్వుతున్నాడట.”

చచ్చుంటే నవ్వేవాడు కాదులే అనబోయి అత్తగారు ఆగింది. ఆవిడ వచ్చి క్షమాపణ చెప్పేదాకా భార్య పుట్టింటి గడప తొక్కకూడదని అల్లుడు ఖాయం చేశాడట. కూతురు ఆ సంగతి చెప్పి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆవిడకున్నది ఆ పిల్ల ఒక్కతే. రెండు రోజులు గింజుకుని, మూడో రోజు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది.

తలుపు అల్లుడే తీశాడు. లోపలికి రమ్మనలేదు. వెనక కూతురు నిలబడి, కౌంటరు కింద చెయ్యి నొక్కిన రోజులాగే, బతిమాలుతున్నట్టు తల్లి వైపు చూసింది. అత్తగారు రెండు చేతులూ జోడించింది.

“తప్పయిపోయింది అల్లుడుగారూ. ఆ రోజు మిమ్మల్ని ఒరేయ్ అనాల్సింది కాదు.”

అతను పెద్దమనసుతో తల ఊపబోయాడు.

“కొట్టుకొచ్చి అద్దంలో చూసుకున్నారే, ఆ రోజే అనాల్సింది.”

తలుపు ఆవిడ మొహం మీదే పడింది. గడియ వేసిన చప్పుడు కూడా వినిపించింది. లోపల అల్లుడు గొంతు చించుకుని ఆవిడని తిట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ నోటిని, కొట్టుని, ఏడు తరాలని కలిపి తిడుతున్నాడు. మధ్యమధ్యలో కూతురు ఏదో సర్దిచెబుతోంది. అత్తగారు మెట్టు మీద కూర్చుని, ఆ గొంతు అలిసిపోయేదాకా విన్నది. కూతురి మొగుడు బతికే ఉన్నాడు.