చెవి కాలితేనే పాస్

ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. రాంగోపాల్‌పేటలో కంప్యూటర్ సామాన్లు అమ్మేవాడు. ఆయన కుడిచెవి తమ్మె మాత్రం లోకంలోని తమ్మెలన్నింటికంటే ఎర్రగా ఉండేది. ఎందుకో నాకు ఒక మే నెలలో తెలిసింది.

ఐటీ గాలికి సికింద్రాబాద్ అంతా ఊగుతున్న రోజులవి. నేను ఇంట్లో కూర్చుని అమెరికా డాక్టర్లు చెప్పిన మాటలు టైపు చేసేవాణ్ణి. ఎండలకు నా ప్రాసెసర్ కుంపటైపోయి, పది నిమిషాలకోసారి కంప్యూటర్ ఆగిపోయేది. అలాంటి ఒక రోజు, సాయంత్రం అయిదుకల్లా ఫైలు పంపకపోతే పని ఊడేలా ఉంది.

"నా ప్రాసెసర్‌ని చల్లబరిచేదేదైనా ఇవ్వు బాబూ!" అన్నాను, ఆయన దుకాణానికి పరుగున వెళ్లి.

ఆయన పొగలు కక్కే చాయ్ మూడు గ్లాసులు నిండుగా తెప్పించి, ఒక్కోదాని మీద ఒక్కో హీట్‌సింక్, అంటే ప్రాసెసర్ మీద బిగించే లోహపు రేకుల దిమ్మ, పెట్టాడు. కాసేపాగి, వంగి వాటి రేకులకు కుడిచెవి తమ్మె ఆనించాడు. మొదటి రెండింటికీ పెదవి విరిచాడు. మూడోది రాగిది. చెవి తగలగానే "అమ్మో!" అంటూ సీలింగ్ దాకా ఎగిరాడు.

"గిదే సార్! పాస్!"

"అదేటి, కాలిపోతోంది కదా?"

"వేడిని పైకి గుంజితేనే కింద ప్రాసెసర్ సల్లగుంటది. గుంజిందాన్ని ఫ్యాన్ ఊదేస్తది. జెర నమ్మున్రి!"

సీతాఫల్‌మండిలోని మా ఇంటికొచ్చి ఆయనే బిగించాడు. ఫ్యాన్ తిరగ్గానే వీధివీధంతా హెలికాప్టర్ కోసం ఆకాశం వంక చూసింది. కంప్యూటర్ మాత్రం ఆగలేదు. అయిదుకి రెండు నిమిషాల ముందు ఫైలు వెళ్లిపోయింది. నేను కేకలేస్తూ ఆయన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాను.

"దించున్రి సార్," అన్నాడాయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి. "ప్రాసెసర్ మంచిగనే ఉంది. ఇంకో హీట్‌సింక్ మీకు బిగియ్యాలె!"