బటన్ లేని పియానో

నూజివీడు చుట్టుపక్కల మామిడి అంట్లు కట్టేవాళ్లలో కిషోర్ బాబుది మంచి చెయ్యి అని పేరు. ఆదివారం మాత్రం ఆ చేతికి మట్టి అంటదు. పెళ్లికి ముందు నుంచీ ఊళ్లో చర్చి కీబోర్డు ఆయనదే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విని పట్టాడు. ఏ పాటైనా తెల్ల మెట్ల మీదే వాయిస్తాడు. పాట ఎత్తేది ఇన్నమ్మ గారు. ఆ పెద్దావిడ ఈ వారం ఒక శ్రుతిలో అందుకుంటే వచ్చే వారం ఇంకో శ్రుతిలో అందుకుంటుంది, అడిగేవాడెవడు? ఈయన ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే చాలు, అవే తెల్ల మెట్లు ఆవిడ శ్రుతికి వచ్చేసేవి. మా చర్చీల్లో సగంమంది విద్య ఆ బటనే, దాచుకోవడం దేనికి!

అలాంటి చర్చికి విజయవాడ నుంచి ఎవరో పుణ్యాత్మురాలు పియానో దానం చేసింది. కరెంటు అక్కర్లేని అసలు పియానో. కమిటీ వాళ్లు ఉబ్బితబ్బిబ్బై, పాత కీబోర్డును జి. కొండూరు వైపు కొత్తగా పెట్టిన సంఘానికి పంపేశారు. కిషోర్ బాబు పియానో చుట్టూ తిరిగి కిందా పైనా వెతికాడు. బటన్ లేదు.

“ఈస్టరుకి మీరే వాయించాలి బ్రదర్,” అంటూ పాస్టరు గారు పాట స్వరాలు అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టారు. “కుదరదంటే చెప్పండి, వేరేవాళ్లని చూసుకుంటాం.”

కుదరదని ఎలా చెప్తాడు? ఊళ్లో ఆయనకున్న గౌరవమంతా ఆ స్టూలు మీదే ఉంది. అది పోతే ఇంకేం మిగులుతుంది?

విజయవాడ హాస్టల్లో పియానో నేర్చుకుంటున్న కూతురు షాలోమి, శనివారాలు ఇంటికొచ్చి గురువైంది.

“ఈ అయిదు గీతలూ నిచ్చెన అనుకో డాడీ. గుండు పైకెక్కితే స్వరం పైకెక్కినట్టు. పి అంటే మెల్లగా, ఎఫ్ అంటే గట్టిగా. నిలువు గీత పక్కన రెండు చుక్కలుంటే వెనక్కెళ్లి మళ్లీ వాయించాలి.”

“మరి ఈ కన్ను లాంటిదేంటి?”

“అక్కడ ఆగాలి. నీకిష్టమైనంతసేపు.”

“ఇదొక్కటీ బాగుంది,” అన్నాడు.

చిక్కంతా వరస మొదట్లో, చిన్న బి అక్షరాల్లా ఉండి, స్వరాన్ని నల్ల మెట్టు మీదికి దించే మూడు ఫ్లాట్ల దగ్గర వచ్చింది. మొదటిసారి నల్ల మెట్టు నొక్కి, తర్వాత మళ్లీ తెల్లదానికే పోయేవాడు.

“అయ్యో డాడీ, ఒక్కసారి పెడితే వరసంతా అంతే! మళ్లీ మళ్లీ చెప్పరు.”

“చెప్పకపోతే ఎలా తెలుస్తుందే?” అని విసుక్కునేవాడు. పాపం, ఎన్నేళ్ల అలవాటు!

అయినా పట్టు వదల్లేదు. ఇంట్లో పియానో లేదు గనక, మామిడిపళ్ల అట్టపెట్టె చింపి మెట్లు గీసుకుని సాధన చేశాడు. ఆ ఒక్క పాట, ఆ ఒక్క శ్రుతి. ఈస్టరు ముందురోజు చర్చిలో తప్పు లేకుండా వాయించేసరికి షాలోమి చప్పట్లు కొట్టింది. పాస్టరు గారు ఇన్నమ్మ గారికి మరీ మరీ చెప్పారు: “ముందు పియానో వస్తుందమ్మా, తర్వాతే మీరు ఎత్తాలి.”

“అలాగే నాయనా,” అందావిడ.

ఈస్టరు పొద్దున చర్చి కిటకిటలాడింది. కిషోర్ బాబు కాగితం సర్దుకుని వేళ్లు మెట్ల మీద పెట్టాడో లేదో, ఇన్నమ్మ గారు ఎత్తేసింది! ఆవిణ్ణి అని ఏం లాభం, ఇన్నేళ్లలో ఆవిడ ఎవరికోసం ఆగింది గనక? ఆడవాళ్లు అందుకున్నారు, మగవాళ్లూ అందుకున్నారు. కాగితంలో శ్రుతి ఒకటి, వాళ్లది ఇంకొకటి. ఈయన మెట్లు నొక్కేసరికి విన్నవాళ్లకి పళ్లు జివ్వుమన్నాయి. ఇంకోచోట నొక్కి చూశాడు, అదీ కాదు. ముందు వరస పిల్లలు తలలెత్తి చూశారు. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే చేతులు ఒళ్లో పెట్టేసుకున్నాడు.

పాస్టరు గారు వంగి, “పోన్లెండి బ్రదర్, మాతో కలిసి పాడండి,” అన్నారు మెల్లగా.

నోరు తెరిచాడు. పల్లవి వచ్చింది. చరణం దగ్గర గొంతు ఆగిపోయింది. ప్రతి ఈస్టరుకీ తనే వాయించిన పాట, అందులో ఒక్క చరణమూ ఆయనకి రాదు. నేర్చుకోవాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక? సంఘమంతా కడ చరణం పాడుతుంటే, ఆయన వట్టి పెదాలు కదుపుతూ స్టూలు మీదే కూర్చున్నాడు.