చేతులు చూసి రాసిన సారు

పక్కింటి సారు పోయారని బాన్సువాడ నుంచి అమ్మ ఫోన్ చేసింది. బీర్కూర్‌లో నేనుండే ఇంట్లో అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టాను. పొంగిపోతున్నా దించాలని తోచలేదు. "పొద్దుగాల తలుపు తియ్యకపోతే ఆ ఇంటి ఓనరు గడియ ఇరగ్గొట్టిండు బిడ్డా. రాత్రే గుండె ఆగిందని డాక్టర్ చెప్పిండు," అంది అమ్మ.

జనానికి పంచే ఆరోగ్య కరపత్రాలు రాయడం ఆయన ఉద్యోగం. కోస్తా నుంచి వచ్చి, బాన్సువాడలో మా అమ్మవాళ్ళింటి గోడను ఆనుకున్న గదిలో కిరాయికి దిగారు. భార్యాపిల్లలు లేరు. ఎందుకు లేరని మా అమ్మ అడిగితే "కుదర్లేదమ్మా" అన్నారు, బస్సు తప్పిపోయిందన్నంత తేలిగ్గా.

పైఆఫీసు నుంచి రోగాల గురించి లావుపాటి ఇంగ్లీషు కాగితాలు వచ్చేవి. అవి చదివి, తెలుగులో నాలుగు ముక్కలు రాసుకుని, సాయంత్రం మా అరుగు మీదికి వచ్చేవారు. అక్కడ అమ్మా, వాడకట్టు ఆడవాళ్ళూ ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతుండేవారు. సారు చదువుతూ వాళ్ళ మొహాలు చూసేవారు కాదు, చేతులు చూసేవారు. చేతులు సాగుతుంటే వాక్యం బాగున్నట్టు. ఎక్కడైనా ఆగితే అక్కడ గీత కొట్టేవారు. "అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారమ్మా. చేతులకి మొహమాటం ఉండదు," అనేవారు నాతో. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను.

ఒకరోజు క్షయ మీద రాసింది తెచ్చారు. మూడు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలన్న చోట అమ్మ చేతులు ఆగిపోయాయి. సారు అలవాటుగా పెన్ను తీశారు. మళ్ళీ ఆ వాక్యమే చదివారు. మళ్ళీ ఆగాయి. పెన్ను మూసి జేబులో పెట్టుకుని, "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని మెల్లగా అడిగారు. అమ్మ తల వంచుకుని "దవాఖానకు పోయినట్టు తెలిస్తే కార్ఖానల బీడీ ఆకు ఇయ్యరు సారూ, పని పోతది," అంది. మర్నాడు ఆయనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. మందులు అయిపోయేదాకా రోజూ గోడ తట్టి, "వేసుకున్నారా?" అని కేకేసేవారు. మా అమ్మ ఈరోజు బతికుందంటే ఆ కేక వల్లే.

ఆదివారం సారు పులుసు కాస్తే మాకో గిన్నె వచ్చేది. చేదు మందు మింగినట్టు మొహం పెట్టి, "ఏంది సారూ, గింత బెల్లమేస్తరా?" అని అమ్మ ఏడిపించేది. కొత్త కరపత్రం లేని రోజుల్లో కూడా ఆయన వచ్చేవారు. "ఇంకోటి ఉంది, చదవనా?" అనేవారు. అది పాతదే. మాకందరికీ తెలుసు. అయినా కొత్తదిలాగే వినేవాళ్ళం. ఆయన ఒంటరితనం గురించి అరుగు మీద ఎవరమూ ఎన్నడూ మాట ఎత్తలేదు.

ఆయన చివరగా రాసింది గుండెనొప్పి గురించి. అచ్చై వచ్చాక బస్టాండు గోడకు తనే అంటించారు. ఆఖరి వాక్యం ఇంగ్లీషు కాగితంలో లేనిదట. ఆఫీసువాళ్ళు తీసెయ్యమన్నా ఒప్పుకోలేదట. అమ్మ చెప్తే తెలిసింది.

నేను వెళ్ళేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు, గదికి తాళం వేసి ఉంది. సాయంత్రం అరుగు మీద చాటలు కూడాయి. పొట్టకూటి పని, చావొచ్చినా ఆగదు. అమ్మ బీడీ చుడుతూనే ఏడుస్తోంది. "గీ గోడ ఒక్కపాలి కొడితే ఇనొస్తుండె గద బిడ్డా. నాకోసం గన్నిసార్లు కొట్టిండు. తనకోసం ఒక్కపాలి కొట్టలే."

ఆయన మాకిచ్చిన ఆ కరపత్రం తెచ్చి, ఆయన చదివినట్టే మెల్లగా చదివాను. ఛాతీ బరువెక్కడం, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం. ఆకు మడతపడుతోంది, దారం చుట్టుకుంటోంది. ఒక్క వాక్యం దగ్గర కూడా చేతులు ఆగలేదు. అంత బాగా రాశారు. ఆఖరి వాక్యానికి వచ్చాను.

"ఇంట్లో ఒక్కరే ఉంటే మొహమాటపడకుండా పక్కింటివాళ్ళను పిలవండి."

అరుగు మీద ఒక్క చెయ్యీ కదల్లేదు. గీత కొట్టడానికి పెన్ను తీసే మనిషి లేరు.