నత్తకి అత్తగారు

డ్రైవింగ్ నేర్పే మాస్టారికి మనుషుల పేర్లు ఈ చెవిన పడి ఆ చెవిన పోయేవి. వాళ్ళు చేసే తప్పులు మాత్రం రాతి మీద చెక్కినట్టు గుర్తుండిపోయేవి. అందుకే ఎవరు కొత్తగా చేరినా, మొదటి పాఠంలో బండిని ఏం చేస్తారో చూశాకే వాళ్ళ నంబరు ఫోనులో ఎక్కించేవారు. ఎటు తిప్పమన్నా రెండోవైపు తిప్పే టైలరు 'ఎడమంటే కుడి'. ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకునే పళ్ళ డాక్టరు 'దేవుడే దిక్కు'. వీధి మలుపులో చెత్తకుండీని ముద్దాడినాయన 'చెత్తకుండీ'. అన్నం పెట్టే భార్యను కూడా ఆయన వదల్లేదు. ఆవిడ 'హ్యాండ్‌బ్రేకు'.

పాఠం మధ్యలో ఫోను చూడటం ప్రమాదమని కూతురు ఓ ఏర్పాటు చేసింది. ఎవరు ఫోను చేస్తే వాళ్ళ పేరు ఫోనే పైకి చదువుతుంది.

"ఇక రోడ్డు మీంచి కళ్ళు తిప్పక్కర్లేదు నాన్నా," అంది. మాస్టారు మురిసిపోయారు.

మర్నాడు స్టీరింగు ముందు కూర్చున్నది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆవిడ చేరి నెలలు గడిచినా రెండో గేరు దాటలేదు. సైకిళ్ళు గంట కొట్టి మరీ దాటిపోయేవి. అంతలో ఫోను మోగింది.

"చెత్తకుండీ ఫోన్ చేస్తున్నారు," అంది, వార్తలు చదివే గొంతుతో.

"ఎవరండీ?"

"మునిసిపాలిటీ వాళ్ళు మేడమ్," అన్నారు మాస్టారు.

మళ్ళీ మోగింది. "దేవుడే దిక్కు ఫోన్ చేస్తున్నారు."

"ఇది ఏ శాఖ మాస్టారూ?"

ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న చెవులవి. ఆవిడ కారు నడిరోడ్డు మీద ఆపేశారు.

"నన్నేమని పెట్టుకున్నారు?"

"అయ్యో, మీ పేరే మేడమ్. గారు కూడా తగిలించాను."

ఆవిడ చేతిసంచీలోంచి తన ఫోను తీసి నొక్కారు. మాస్టారి ఫోనుకు మొహమాటమా పాడా, స్పష్టంగా చదివింది: "నత్తకి అత్తగారు ఫోన్ చేస్తున్నారు."

వెనక హారన్లు మోగుతున్నాయి.

"నత్తా?" అన్నారు ఆవిడ. కారు ఒక్క ఉరుకు ఉరికింది. మాస్టారు తలుపు పట్టుకుని వేలాడారు.

"మేడమ్, గేరు..."

"నోర్ముయ్యండి!"

"మూడో గేరు పడింది మేడమ్!"

ఆవిడ వేగం తగ్గించి చేతి కిందకు చూసుకున్నారు. "పడిందా?" అన్నారు, ఒకటో తరగతి పిల్లలా.

అయినా మాస్టారికి సిగ్గేసి, సాయంత్రమే కూతురి చేత అందరికీ అసలు పేర్లు పెట్టించారు. ఆ పనిలోనే 'హ్యాండ్‌బ్రేకు' సంగతి బయటపడి వంటింట్లో విచారణ జరిగింది. వివరాలు ఎవరికీ తెలియవు.

అసలు పేర్లతో అసలు చిక్కు మొదలైంది. ఫోను ఎవరిదో చక్కటి పేరు చదివితే, బాగా నడిపే మనిషి కాబోలనుకుని మాస్టారు నేరుగా సంత రోడ్డుకు రమ్మన్నారు. తీరా వచ్చినాయన చెత్తకుండీ! ఆయన అరటిపళ్ళ బండికీ గోడకీ మధ్య కారు దూర్చారు. గోడ బాగానే ఉంది. అరటిపళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

దాంతో కూతురు అసలు పేరు పక్కనే పాత పేరూ చేర్చి, ఫోను నోరు నొక్కేసింది. కానీ హెడ్‌మిస్ట్రెస్ గారి నోరు నొక్కేవారెవరు? అందరూ వచ్చి "నాదేంటి, నాదేంటి?" అని అడిగి నవ్వుకుని వెళ్ళారు. పళ్ళ డాక్టరైతే తన పేరు రోగులకు కూడా చెప్పుకున్నాడు, కొందరు మళ్ళీ రాలేదట.

అలిగింది మందుల షాపాయన ఒక్కడే.

"ఇంతమందికి పెట్టారు, నాకేం తక్కువ మాస్టారూ?"

"మీరు నడపడంలో వంకే లేదండీ. ఏమని పెట్టమంటారు?"

"అంటే నేను గుర్తుండనన్నమాట," అని మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పాఠానికి వస్తూనే, అద్దాలు రెండూ చూసుకుని, కారును తిన్నగా వెనక్కి పోనిచ్చి, మాస్టారి భార్య వాకిట్లో ప్రాణంగా పెంచుకునే గులాబీ కుండీ మీదికి ఎక్కించాడు. ఇంజను ఆపి, ఆశగా మాస్టారి వైపు చూశాడు.