కింది కొస

ఇళ్లు మారేవాళ్ల సామాను మోసే ఈ మనిషి, మెట్లు కనబడగానే చొక్కా చేతులు మడుచుకుని సామాను పైకొస పట్టుకునేవాడు. కింది కొస ఎప్పుడూ వాళ్లన్నయ్యదే. "కింద తేలికరా. బరువంతా పైవాడిమీదే. వయసైపోయినవాణ్ణి, నన్నొదిలెయ్" అనేవాడు అన్న. "మహా సుఖపురుషుడివిలే" అని తమ్ముడు వెక్కిరించేవాడు. అన్న గుండె ఆగి చనిపోయిన నెలకి, ఇవాళే మళ్లీ పనిలోకొచ్చాడు. ఒంట్లో ఓపిక లేక, తేలికవైపు పడదామని, బావమరిదిని పైకి పంపి తను కింద పట్టాడు. మెట్ల మలుపులో ఇనప బీరువా వాలి, బరువంతా జారి అతని రొమ్ముమీదికొచ్చింది. బీరువాకి చెంప ఆనించి అలాగే నిలబడిపోయాడు. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"ఏం బావా, బరువా?" పైనుంచి బావమరిది అడిగాడు.

"లేదురా. కింద తేలికే. నువ్వు జాగ్రత్త."