మా మిద్దె మీది పాదరసం డబ్బా

నాలో ఒక మంచి గుణం ఉంది. ఇంటికి ఎవరొచ్చినా, మంచినీళ్లు తాగకముందే మిద్దె మీదికి తీసుకపోయి అక్కడ వేలాడే తెల్ల డబ్బా చూపిస్తా. గ్యాస్ సిలిండర్ తెచ్చినాయనకూ చూపించినా, ఓట్లు అడగను వచ్చినాయనకూ చూపించినా. గొప్పకు కాదు, నలుగురికీ సైన్సు తెలియాలని. అట్లాంటి నేను, గిద్దలూరు గాలిని పాడుచేసేటోణ్ణి పట్టుకుని తీరతానని పంతం పట్టి, మొన్న ఎవర్ని పట్టుకున్నానో వినండి.

ముందు డబ్బా సంగతి. విశాఖ గాలిలో పాదరసం ఎంత ఉందో యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. బొగ్గు పొగలో అదీ ఉంటుందంట. కంటికి కనపడదు, వాసన రాదు. సిటీ గాలి ఎంత చెడిందో తెలియాలంటే, పక్కన పెట్టి పోల్చుకోను మంచి గాలి ఒకటి కావాల గదా. దానికి నల్లమల పక్కనున్న మా ఊరిని, ఊర్లో కాలేజీ ల్యాబ్ అటెండరుగా రిటైరైన రంగయ్య మిద్దెను ఎంచుకున్నారు. ఆ రంగయ్యను నేనే. పని చిన్నదే. గాలిలోని పాదరసాన్ని పట్టి దాచుకునే కొత్త డబ్బా మూడు నెలలకోసారి కొరియర్లో వస్తుంది. దాన్ని మిద్దె మీద మూత తీసి తగిలించాల. పాతదానికి మూత పెట్టి, టేపు చుట్టి, టైము రాసి పంపాల. మూడేళ్లలో ఒక్కరోజు తప్పలేదు.

మొన్న ఎండాకాలంలో సునీత మేడమ్ ఫోన్ చేసింది. ఈ డబ్బాల పనంతా చూసే సైంటిస్టు ఆమె. వరసగా రెండు డబ్బాల్లో మా రీడింగు పెరిగిందంట, దగ్గర దగ్గర సిటీ అంత ఉందంట. మా ఊరిని ఎవరో నడిబజార్లో తిట్టినట్టయింది నాకు. ఇంకోసారి ఇట్లే వస్తే గిద్దలూరు పాయింటు తీసేయాల్సి వస్తుందని చెప్పింది. అది పోతే విశాఖ లెక్కల్ని పోల్చుకునేదానికి ఏమీ మిగలదు. మూడేళ్ల పని నీళ్లపాలు.

"మేడమ్, ఎవడో వాణ్ణి నేను పట్టుకుంటా" అన్నా.

ముప్ఫై ఏళ్లు ల్యాబులో సీసాలు కడిగినోణ్ణి, పాదరసం ఎక్కడెక్కడ ఉంటుందో నాకు తెలియదా? ముందు వీధి చివర ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి పోయి బీపీ చూపించుకున్నా. బీపీ కోసం కాదు, మిషన్ కోసం. అది బ్యాటరీతో నడిచేది, పాదరసం లేదు. బీపీ మాత్రం ఉంది. తర్వాత మా ఇంటి ఎదురుగా మస్తాన్ మామ ఎలక్ట్రికల్ దుకాణం మీద పడింది నా చూపు. వెనక పెరట్లో కాలిపోయిన ట్యూబులైట్లు కట్టెలమోపు మాదిరి పేర్చి ఉన్నాయి. ట్యూబులైట్లో పాదరసం ఉంటుంది. దొంగ దొరికినాడు అనుకున్నా.

మామ నా మాట విని, కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకున్నాడు. "ఏంది రంగయ్యా, పదేండ్లుగా ఊరికే పడున్న ట్యూబులైట్లు, ఇప్పుడు నీ డబ్బా మీద కక్ష కట్టినాయా?"

మాటలో న్యాయం ఉంది. కాని పంతం పట్టినోడికి న్యాయం చెవికెక్కదు. నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం పోయి కూర్చున్నా. మున్సిపాలిటీకి రాసిన అర్జీ చదివి వినిపించినా. ఐదో రోజు ఆయన విసుగొచ్చి, ట్యూబులైట్లన్నీ ఆటోకెత్తి మార్కాపురం పాతసామాన్ల వాళ్లకు పంపేసినాడు. ఆ రోజు నుంచి నాతో మాట లేదు. సైన్సుకు కొన్ని త్యాగాలు తప్పవులే అనుకున్నా.

మూడో డబ్బా ఇంకా జాగ్రత్తగా పెట్టినా. నెలలు గడిచినాక మేడమ్ ఫోను. "రంగయ్యగారూ, ఈసారి మీది మా హార్బరు పాయింటు కంటే ఎక్కువొచ్చిందండీ." ఇంకో డబ్బా పంపేముందు తనే వచ్చి చూస్తానంది.

వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియరంత మీటరు. గాలిలో పాదరసం ఎంతుందో అక్కడికక్కడే అంకె చూపిస్తుంది. ట్యూబులైట్లు పోయినా నా అనుమానం పోలేదు, నేరుగా మామ పెరట్లోకే నడిపించినా. అంకె కదల్లేదు. మామ గల్లాపెట్టె దగ్గర చేతులు కట్టుకుని చూస్తా ఉన్నాడు. మిద్దె ఎక్కినాం, అక్కడా కదల్లేదు. వీధంతా తిప్పినా. చివరికి మేడమ్ చెమట తుడుచుకుంటా, కాస్త కాఫీ ఉంటే ఇమ్మంది.

ఇంట్లో అడుగు పెట్టగానే అంకె కదిలింది. హాల్లో పెరిగింది. ఆమె కాఫీ గ్లాసు ఒక చేత, మీటరు ఒక చేత పట్టుకుని, దాని వెంటనే నడుస్తా పూజగది గడప దగ్గర ఆగింది. అంకెలు ఎగురుతున్నాయి.

లోపల ఎర్ర గుడ్డ మీద పాదరస లింగం. పోయిన కార్తీకంలో శ్రీశైలం పోయినప్పుడు కొన్నా. మనం చేసేది పాదరసం పని, పాదరస స్వామి కన్నా మన డబ్బాను బాగా చూసుకునేది ఎవరని.

మేడమ్ ఆలోచనలో పడింది. "లింగం ఇక్కడుంటే, ఆరుబయట మిద్దె మీదున్న డబ్బాకు ఇంత ఎట్లా ఎక్కింది?"

నేను ఫ్యాను వైపు చూస్తా ఉన్నా. మా ఆవిడ లక్ష్మమ్మ జవాబు చెప్పింది.

"కొత్త డబ్బా వస్తే స్వామి ముందర పెట్టి హారతి ఇచ్చినాకనే మిద్దె ఎక్కిస్తాడమ్మా. ముందు ఒక పూట పెడుతుండె. రీడింగు బాగలేదని మీరు ఫోన్ చేసినాక, రెండు రోజులు పెట్టినాడు."

"మూత పెట్టే ఉంచారు కదండీ?"

"మూసిన డబ్బాలోకి దేవుని చూపు ఎట్ల పోతుందని, తీసే పెట్టినాడు."

మేడమ్ గడప మీదనే కూర్చుండిపోయింది. నవ్విందో, ఏడ్చిందో, తల పైకెత్తలేదు. తర్వాత లింగాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టించింది. అది ఇంట్లో ఉంటే మా ఊపిరితిత్తులకూ మంచిది కాదని చెప్పి, ల్యాబుకు తీసుకుపోతానంది. నేను దండం పెట్టి ఇచ్చినా.

ఇంక ఉన్నది ఒకటే దారి. కారణం రాసి ఇస్తే ఆ మూడు డబ్బాల్ని పక్కన పెట్టొచ్చు, మిగతా లెక్కలు నిలబడతాయి, పాయింటు ఉంటుంది. రాయకపోతే అన్నీ అనుమానమే. మేడమ్ ఫారం ఇచ్చి, "పొరపాటున ఇంట్లో తెరిచాను అని రాయండి చాలు" అంది. చాలదనుకున్నా. సైన్సులో నిజమే రాయాల. కారణం అన్న గడిలో, నాకొచ్చిన ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో "ఆపరేటర్ భక్తి" అని రాసి సంతకం పెట్టినా.

పాయింటు నిలిచింది. డబ్బా ఇప్పుడు కొరియర్ కవరు నుంచి తిన్నగా మిద్దె మీదికే పోతుంది. విశాఖ ఫైల్లో కలకాలం ఉండేటట్టు నా తప్పు రాసిచ్చినా. ఇంట్లో బల్బు పోతే మాత్రం బస్సెక్కి కొమరోలు పోయి తెచ్చుకుంటున్నా. రోడ్డు దాటి పోయి మస్తాన్ మామతో "తప్పు నాదే" అనడం ఇంకా నేర్చుకోలేదు.